రంగు పోవాలి, బొమ్మ మిగలాలి

ప్లాస్టిక్ బొమ్మ మీది పాత రంగు తీయాలనగానే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది థిన్నర్. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఏ పెయింట్ల దుకాణంలో అడిగినా ఒక సీసా చేతిలో పెడతారు. ఇనుప తలుపుకైతే అది సరైన మందే. ప్లాస్టిక్ బొమ్మకు మాత్రం దాన్ని తాకించకూడదు. గట్టి ప్లాస్టిక్ బొమ్మను థిన్నర్‌లో వేసి మరిచిపోతే రంగుతోపాటు ముక్కు, మొహం, చేతిలోని కత్తి అన్నీ జారిపోయి చివరికి ముద్ద మిగులుతుంది. రంగులోని బంక, కింది ప్లాస్టిక్, పైన పోసిన థిన్నర్ మూడూ ఒకే వంశానివి. రక్తసంబంధం ఎక్కువైన చోట ఎవరిని ఎవరి నుంచి విడదీయాలన్నా కష్టమే కదా. ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో, ఎక్కడ తేడా ఉందో కనిపెట్టడమే ఈ పనిలోని అసలు సైన్సు.

సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చే మా మనవడి సంచిలో బొటనవేలంత బొమ్మలు ఓ డబ్బా నిండా ఉంటాయి. కత్తివీరులు, మంత్రగాళ్లు, గొడ్డళ్లు పట్టిన మరుగుజ్జులు, రెక్కల రాక్షసులు. బల్ల మీద పటం పరిచి పాచికలు వేసి ఆడే ఆటలోని పాత్రలివి. ఒకప్పుడు ఇలాంటి ఆటలు ఆడేవాళ్లు సీసం, తగరం కలిపి పోతపోసిన బొమ్మలు కొనుక్కుని, భూతద్దం పెట్టుకుని రంగులు తామే వేసుకునేవాళ్లు. 2000లో అమెరికాలోని విజ్‌కిడ్స్ కంపెనీ ‘మేజ్ నైట్’ ఆటతో, ముందే రంగులు వేసిన ప్లాస్టిక్ బొమ్మల్ని బజారులో పెట్టింది. 2002లో అదే కంపెనీ నుంచి ‘హీరోక్లిక్స్’ వచ్చింది. 2003లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బొమ్మల్ని అదే పద్ధతిలో తెచ్చారు. లోపల ఏ బొమ్మ ఉందో తెలియకుండా మూసిన డబ్బాల్లో అమ్మేవాళ్లు.

వేలకు వేలు తయారయ్యే బొమ్మ కదా, దానికి రంగు వేసే పద్ధతే వేరు. బొమ్మ ఆకారానికి సరిపోయే రేకు ముసుగు తొడిగి, తెరిచి ఉన్న చోట రంగు చిమ్ముతారు. కళ్లు, కనుబొమలు అచ్చు గుద్దుతారు. ముసుగు వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగుతుంది, కన్ను చెంప మీదికి వస్తుంది. మావాడి గోడు కూడా అదే. “తాతా, వీని మొహం జూడు, కన్ను చెవి కాడికి పోయింది. ఈ రంగు తీసి కొత్తది ఎయ్యాలె. ఎట్ల పోతది?”

“ముందు ఇది ఏం ప్లాస్టికో తెల్వాలె గద బిడ్డా” అన్నాను.

దాన్ని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గ్లాసు నీళ్లలో రెండు పెద్ద చెంచాల ఉప్పు కరిగించండి. విరిగిన బొమ్మ ముక్కను అందులో వేయండి. ముక్కకు అంటుకున్న గాలి బుడగల్ని వేలితో తుడిచేయాలి, లేకపోతే అవే దాన్ని పైకి లేపి మనల్ని మోసం చేస్తాయి. పాలీస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్ సాంద్రత సుమారు 1.05. మామూలు నీళ్లలో మునుగుతుంది, ఈ ఉప్పునీళ్లలో తేలుతుంది. పీవీసీ అంతకన్నా బరువైనది, ఉప్పునీళ్లలోనూ అడుక్కే పోతుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ అయితే మంచినీళ్లలోనే తేలుతాయి. మావాడి ముక్క బుడుంగున మునిగింది. కత్తిని వంచితే విరగకుండా వంగింది కూడా. అంటే మెత్తటి పీవీసీ అన్నమాట.

బొగ్గు వాషరీలో రాయిని, బొగ్గును వేరు చేసేదీ ఈ సూత్రంతోనే. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం పొడిని నీళ్లలో కలిపి ఆ నీటి సాంద్రత పెంచుతారు. బొగ్గు పైన తేలుతుంది, సాంద్రత రెండు దాటిన రాయి కిందికి పోతుంది. పొడిని అయస్కాంతంతో పట్టుకుని మళ్లీ వాడుకుంటారు. ఈ మాట చెప్పగానే మావాడు ఉప్పు గ్లాసు వదిలి బొగ్గుపెళ్ల కోసం పెరట్లోకి పరిగెత్తాడు.

బొగ్గు సంగతి వచ్చింది కాబట్టి చుట్టరికం మాట కూడా చెప్పాలి. బొగ్గును గాలి తగలకుండా బాగా వేడి చేస్తే కోక్ మిగులుతుంది, గ్యాసు వస్తుంది, నల్లటి తారు కారుతుంది. ఐరోపాలో 19వ శతాబ్దంలో ఆ తారును మొదట దిక్కుమాలిన చెత్తగా చూశారు. 1834లో జర్మన్ రసాయనవేత్త రుంగే అందులోంచి ఫినాల్‌ను వేరు చేశాడు. 1856లో 18 ఏళ్ల విలియం పెర్కిన్ లండన్‌లో మలేరియా మందు కోసం తారు సరుకుతో కుస్తీ పడుతుంటే సీసాలో ఊదారంగు మిగిలింది. కృత్రిమ రంగుల పరిశ్రమ మొదలైంది అక్కడే. థిన్నర్లలో ఉండే టోలీన్, జైలీన్ కూడా ఆ తారులో దొరికేవే. ఇక పీవీసీ సంగతి. కోక్, సున్నం కలిపి కరెంటు కొలిమిలో సుమారు 2000 డిగ్రీల దాకా కాల్చితే కాల్షియం కార్బైడ్ వస్తుంది. గ్యాస్ వెల్డింగ్ చేసేవాళ్లకు ఆ బూడిదరంగు గడ్డలు బాగా తెలుసు. దాని మీద నీళ్లు పడితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఎసిటిలీన్‌కు హైడ్రోజన్ క్లోరైడ్ కలిపితే వినైల్ క్లోరైడ్, ఆ అణువుల్ని గొలుసుగా అల్లితే పీవీసీ. మిగతా ప్రపంచం పెట్రోలియం దారి పట్టినా, చైనాలో ఇవాళ్టికీ పీవీసీలో ఎక్కువ భాగం ఈ బొగ్గు దారినే వస్తుంది.

మన సింగరేణి బొగ్గు కోక్ చేయడానికి పనికొచ్చే రకం కాదు. అది ఎక్కువగా కరెంటుకే పోతుంది. కానీ రామగుండంలో బొగ్గును మంటకు కాకుండా రసాయనానికి వాడిన రోజులున్నాయి. ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీలో బొగ్గును గ్యాసుగా మార్చి, దాంతో అమ్మోనియా, యూరియా తీశారు. 1999లో అది మూతబడింది. 2021లో అక్కడే మొదలైన ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల ఫ్యాక్టరీ సహజవాయువుతో యూరియా చేస్తోంది. బొగ్గు అనగానే చిమ్నీ, పొగ మాత్రమే గుర్తొచ్చే పిల్లలకు ఈ సంగతి తప్పక తెలియాలని నా కోరిక. బొగ్గుపెళ్ల లోపల ఒక రసాయనశాలంత సరుకుంది.

సరే, రంగు దగ్గరికి వద్దాం. పెయింటులో ముఖ్యంగా మూడుంటాయి. రంగునిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే బంక, రెంటినీ పలుచన చేసే ద్రవం. ద్రవం ఎగిరిపోతుంది, బంక పొరగా మిగులుతుంది. గోదావరి అవతల నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేస్తారు. ఆ చెక్క మెత్తనిది, తేలికైనది, ఒళ్లంతా సన్నని రంధ్రాలు. వాటిలోకి దిగిన పూత గట్టిగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌కు రంధ్రాలు లేవు. అందుకని ఫ్యాక్టరీవాళ్లు మరో ఉపాయం పన్నుతారు. పీవీసీ బొమ్మల రంగులో ఆ ప్లాస్టిక్ పైపొరను కాస్త మెత్తబరిచే ద్రావణి కలుపుతారు. మెత్తబడిన క్షణంలో బంక గొలుసులు, ప్లాస్టిక్ గొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. ద్రావణి ఎగిరిపోయాక ఆ చిక్కుముడి అలాగే బిగుసుకుంటుంది. ఇంట్లో వేసిన రంగు సులువుగా వచ్చేసి, ఫ్యాక్టరీ రంగు మొండికేయడానికి కారణం ఇదే.

దీన్ని కరిగించాలని చూస్తే చిక్కుముడి అవతలి కొస కూడా కరుగుతుంది. కాబట్టి కరిగించకూడదు, ఉబ్బించాలి. మెల్లగా బంకలోకి దూరి, ప్లాస్టిక్ జోలికి పెద్దగా పోని ద్రవం కావాలి. అది దూరిన కొద్దీ రంగు పొర ఉబ్బి వెడల్పు కావాలని చూస్తుంది. కింది ప్లాస్టిక్ మాత్రం ఉన్నంతే ఉంటుంది. రెంటి మధ్య లాగుడు పెరిగి పొర ముడతలు పడి లేస్తుంది. బండి ట్యాంకు మీద బ్రేక్ ఆయిల్ చుక్క పడితే ఏమవుతుందో మెకానిక్‌లను అడగండి. మొదట మెరుపు పోతుంది, తర్వాత పొక్కు లేస్తుంది, గోరు తగిలితే పొర ఊడొస్తుంది. బ్రేక్ ఆయిల్‌లో ఉండే గ్లైకాల్ ఈథర్లు చేసే పని అది. విదేశాల్లో కొందరు బొమ్మల్ని అందులోనే నానబెడతారు. పిల్లలున్న ఇంట్లో దాన్ని నేను ఒప్పుకోను. తాగితే ప్రాణం మీదికి వచ్చే సరుకు, పారబోయడానికి కూడా సరైన చోటు దొరకదు.

మన ఇంట్లోనే అంతకన్నా మంచిది ఉంది, డెటాల్. బ్రిటన్‌లో బొమ్మల ఆటగాళ్లు చాలాకాలంగా వాడుతున్నది ఇదే. సీసా మీది చీటీ చదివితే కారణం తెలుస్తుంది. క్లోరోజైలినాల్ 4.8 శాతం, టెర్పినియాల్ 9 శాతం, ఆల్కహాల్ 13.1 శాతం. క్రిముల్ని చంపేది మొదటిది. రంగు మీద ఎక్కువ పని చేసేది దేవదారు నూనెల జాతికి చెందిన టెర్పినియాల్. థిన్నర్లలో వాడే ఎసిటోన్ అణువు చిన్నది, దూకుడుగా దేంట్లోకైనా చొరబడుతుంది. టెర్పినియాల్ అణువు పెద్దది, నిదానంగా పోతుంది. ఆ నిదానమే మనకు రక్ష.

నీళ్లు కలపని డెటాల్‌ను మూత ఉన్న గాజు సీసాలో పోసి బొమ్మను ముంచాలి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి, అది చర్మాన్ని మండిస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే దాని దారిలో ఈ సీసా ఉండకూడదు, ఫినాల్ జాతి సరుకు పిల్లికి విషం. కొన్ని గంటలకోసారి తీసి చూడాలి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మొదట బట్టల అంచుల దగ్గర, మడతల పైన రంగు సన్నని తొక్కలా కదులుతుంది. తర్వాత బురదలా జారుతుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఆ బురద పట్టిన బొమ్మను నేరుగా కుళాయి కింద పెట్టొద్దు. నీళ్లు తగలగానే డెటాల్ తెల్లగా విరుగుతుంది, మనందరికీ తెలిసిందే. నూనె, నీళ్ల మధ్య ఆల్కహాల్ కుదిర్చిన సంధి చెడిపోయి నూనె సన్నని బిందువులుగా విడిపోవడమే ఆ తెలుపు. అదే క్షణంలో ఉబ్బి ఉన్న బంక కూడా ద్రవాన్ని వదిలేసి జిడ్డు తారులా బొమ్మకు మళ్లీ అతుక్కుంటుంది. అందుకే మొదటి కడుగుడు డెటాల్‌తోనే, రెండోది నీళ్లు కలపని గిన్నెల సబ్బుతో, ఆ తర్వాతే నీళ్లు.

డెటాల్ వాసన పడనివాళ్లకు కరోనా నాటి శానిటైజర్ ఉంది. జెల్ రకమైతే మేలు, జారిపోకుండా బొమ్మ ఒంటి మీద తడిగా నిలుస్తుంది. అందులోని ఆల్కహాల్ ఎక్రిలిక్ రంగును బాగా వదిలిస్తుంది. మంట అంటుకునే సరుకు కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి పని చేయాలి. రోజుల తరబడి నానబెట్టడం మాత్రం వద్దు. పీవీసీని మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్ అనే నూనె. 1926లో అమెరికాలో గుడ్రిచ్ కంపెనీలో పనిచేసిన వాల్డో సెమన్ కనిపెట్టిన కిటుకు అది. ఆల్కహాల్ ఆ నూనెను కొద్దికొద్దిగా బయటికి లాగేస్తుంది. నూనె పోయిన కత్తి గట్టిపడి పుటుక్కున విరుగుతుంది.

ఇంత చెప్పి ఇంకో మాట చెప్పాలి. ఫ్యాక్టరీ రంగును పూర్తిగా తీయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఆ పొర పలుచగా ఉండి, మొహంలోని గీతలు స్పష్టంగా కనిపిస్తుంటే సబ్బునీళ్లతో కడిగి, దాని మీదే కొత్త పూత వేయడం మేలు. చిక్కుముడి వేసుకుని కూర్చున్న ఆ పొర కన్నా గట్టి పునాది మనం వేయలేం. రంగు దట్టంగా పూసి కళ్లు, ముక్కు పూడిపోయినప్పుడే తీయాలి. తీసినా ఎరుపు మరక, నలుపు జాడ ప్లాస్టిక్‌లో కొంత మిగులుతాయి. మిగలనివ్వండి, కొత్త పూత కిందికి పోతాయి. మా మనవణ్ని దీనికి ఒప్పించడానికే ఎక్కువసేపు పట్టింది. పిల్లలకు తెల్లగా మెరిసేదాకా తోమితేనే పని అయినట్టు.

పాతకాలపు బొమ్మలైతే ఇంకో జాగ్రత్త. గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదనే నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. దానికి ముందటి సరుకు ఏదైనా అనుమానంతోనే చూడాలి. తడిపి, తొడుగులు వేసుకుని చేయాలి. వాడిన డెటాల్‌ను మోరీలో పోయొద్దు. సీసాలోనే ఉంచితే బురద అడుక్కు దిగుతుంది. పైది మళ్లీ పనికొస్తుంది, అడుగుది పాత పేపరు మీద ఆరబెట్టి చెత్తలో వేయాలి. మోరీల్లో పోసింది ఏదో ఒకనాటికి గోదావరినే చేరుతుంది.

వంగిపోయిన కత్తి, ఈటె ఉంటే రంగు వేయకముందే సరిచేయాలి. పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో కాసేపు ముంచితే పీవీసీ గొలుసులు కదలడానికి వీలు దొరికి, కత్తి దానంతటదే అచ్చులో పుట్టినప్పటి ఆకారానికి తిరిగిపోతుంది. చాలని చోట వేలితో నిలబెట్టి, వెంటనే చల్లని నీళ్లలో పెట్టాలి. గొలుసులు అక్కడే గడ్డకట్టి ఆగుతాయి.

కొత్త రంగు ఎక్రిలిక్ అయితే మంచిది. స్ప్రే డబ్బాల్లో కొన్నింటి ద్రావణి మెత్తటి పీవీసీలోని నూనెతో కలిసి ఎన్నాళ్లకూ ఆరని జిగటగా మిగులుతుంది. ఎక్రిలిక్‌లో నీళ్లే వాహనం. ఆ నీళ్లలో కంటికి కనపడని ప్లాస్టిక్ గోళీలు తేలుతుంటాయి. నీళ్లు ఆరిన కొద్దీ గోళీలు దగ్గరికి జరిగి, ఒత్తుకుని, ఒకటై పొరగా మారతాయి. తెల్లటి ఫెవికాల్ ఆరాక పారదర్శకం కావడం కూడా ఇదే తంతు. ఒకసారి పొరయ్యాక మళ్లీ నీళ్లు పోసినా గోళీలు విడిపోవు.

ఈ ఆరడం దగ్గరే మన ఊరి వాతావరణం అడ్డొస్తుంది. ఎండాకాలం వాతావరణ వార్తల్లో రామగుండం పేరు లేని రోజు ఉండదు. 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం రంగు బొమ్మ మీద సర్దుకోకముందే కుంచె మీదే గట్టిపడుతుంది. గోళీలు ఒత్తుకోవడానికి సమయం చాలక పొర గరుకుగా, పొడిపొడిగా వస్తుంది. తెల్లవారుజామున కూర్చోవడమే దారి. చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లతో రంగును పలుచన చేయండి, తలతన్యత తగ్గి సందుల్లోకి పారుతుంది. ఒక దట్టపు పూత కన్నా మూడు పలుచటి పూతలు మేలు. ఆరేటప్పుడు బొమ్మ మీద పెద్ద గిన్నె ఏదైనా బోర్లించండి. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, బూడిద ఎగిరే ఊళ్లో తడి రంగును మూత లేకుండా వదిలితే గంటలో దాని ఒళ్లు గరుకెక్కుతుంది.

డబ్బాలోని గొడ్డలి మరుగుజ్జును మావాడు గనికార్మికుణ్ని చేస్తానన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అయితే నల్ల రంగు సీసా మూత తీసి మొహమంతా పూయబోతుంటే ఆపాను. షిఫ్టు దిగి వచ్చే మనిషి మొహం ఒకే నలుపుగా ఉండదు. చెమట పట్టిన బుగ్గల మీద దుమ్ము చెదిరిపోతుంది. ముక్కు పక్కల, మెడ మడతల్లో, కనురెప్పల అంచుల్లో మాత్రం నిలిచిపోతుంది. దీనికి మామూలు చామనఛాయ ముందు వేసి, బాగా పలుచన చేసిన నలుపు, గోధుమ మిశ్రమాన్ని పైన పారించాలి. ఆ నీళ్లరంగు పల్లాల్లోకే పోతుంది, మిట్టల మీద నిలవదు. నిజం దుమ్ము చేరేదీ ఆ పల్లాల్లోకే. బొగ్గుపెళ్లకూ ఒకే నలుపు వద్దు. చేతిలో పట్టుకుని వెలుతురులో తిప్పి చూడండి, మెరిసే చార, మెరవని చార పక్కపక్కన కనిపిస్తాయి. ముందు ముదురు బూడిదరంగు, దాని మీద నలుపు చారలు, ఆ చారల మీద మాత్రమే మెరుపు వార్నిష్. మిగతా ఒంటికంతా మ్యాట్ వార్నిష్ వేయాలి. అందులోని సన్నని సిలికా పొడి పైపొరను గరుకు చేసి వెలుతుర్ని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. పని బట్టలకు మెరుపు ఉండదు కదా.

ఇక టోపీ దీపం. దానికి ఏ రంగు వేయాలో చెప్పాలంటే ఆ మనిషి ఏ కాలంవాడో ముందు తేల్చుకోవాలి. నడుముకు బరువైన బ్యాటరీ కట్టుకున్న పాతకాలపు కార్మికుడైతే ఫిలమెంటు బల్బు, లేత పసుపు. ఈనాటివాడైతే ఎల్‌ఈడీ, తెలుపులో చుక్క నీలం. వెలుతురు పడే టోపీ అంచు మీద, భుజం మీద కూడా అదే రంగు పలుచగా అద్దాలి. మావాడు పసుపే కలిపాడు.